రెండో గడిలో గీత

బిళ్ళల బాబాయికి అసలు పేరొకటి ఉంది. ఉద్యోగపు కాగితాల మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. కమ్యూనిటీ హాలుకు వచ్చిపోయే వాళ్ళందరికీ ఆయన బిళ్ళల బాబాయే. కోపం వచ్చినప్పుడు ఆయన భార్య కూడా అలాగే పిలుస్తుంది. అప్పుడు మాత్రం ఆ పిలుపు ఆయనకు అంత ఇంపుగా ఉండదు.

హాలు సైకిల్ స్టాండు ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. గేటు పక్కన రేకుల కప్పు, కప్పు కింద ఒక కుర్చీ, కుర్చీ వెనక వరుసగా మేకులు కొట్టిన చెక్క. మేకులకు ఇత్తడి బిళ్ళలు జతలు జతలుగా వేలాడుతుంటాయి. సైకిలు రాగానే జతలో ఒక బిళ్ళ హ్యాండిలుకు తగిలించి, రెండోది మనిషి చేతిలో పెడతాడు. వెళ్ళేటప్పుడు రెండింటి మీది అంకె కలవాలి. కలవకపోతే ఎంతటివాడైనా నడిచి ఇంటికి పోవలసిందే. ఒకసారి హాలు అధ్యక్షుడుగారే బిళ్ళ పారేసుకుని, ఎండలో చెమటలు కక్కుకుంటూ నడిచిపోయారు. మర్నాడు ఆయన కారు కొనుక్కున్నారని గిట్టనివాళ్ళు అంటారు. అది నిజం కాదు. కారు కొన్నది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఇన్నేళ్ళలో ఆ స్టాండులో ఒక్క సైకిలు పోలేదు. అంతకంటే గొప్ప విషయం, ఒక్క లెక్కా తప్పలేదు. సాయంత్రం బిళ్ళలన్నీ మేకుల మీదికి చేరాక "ఈ రోజు యాభై మూడు" అంటే యాభై మూడే. హాల్లో ఏ సభకు ఎంతమంది వచ్చారన్న పేచీ వచ్చినా చివరికి అందరూ గేటు దగ్గరికే వచ్చేవాళ్ళు. బాబాయి చెబితే ఇక నోరెత్తేవాళ్ళు ఉండరు. చదువు పెద్దగా అబ్బని మనిషికి అది చిన్న గౌరవమేమీ కాదు. లోపల లైబ్రరీ ఉంది, కుట్టుపని నేర్పే గది ఉంది, వ్యాయామశాల ఉంది. అక్కడ రకరకాల తెలివితేటలున్నవాళ్ళు తిరుగుతుంటారు. తన దగ్గరున్నది ఒక్కటే తెలివి అనీ, అది మాత్రం ఎవరికీ తీసిపోనిదనీ బాబాయికి తెలుసు.

బిళ్ళల విషయంలో ఒక పద్ధతి ఉంది. హాల్లో పనిచేసేవాళ్ళకు బిళ్ళ ఇవ్వడు. మొదట్లో ఇచ్చేవాడు. కరెంటు పని చూసే ఆయన కొత్తగా చేరిన వారంలో బాబాయి మామూలుగానే బిళ్ళ చేతిలో పెడితే, ఆయన ముఖం చిన్నబోయింది. "నన్ను కూడా బయటివాణ్ణి చేశావా?" అన్నాడు. ఆ మాట బాబాయికి గుచ్చుకుంది. అప్పటినుంచి మనవాళ్ళు మనవాళ్ళే, వాళ్ళకి బిళ్ళేమిటి అని మానేశాడు. వాళ్ళు తమ సైకిళ్ళను వంటగది వెనక చూరు కింద గోడకు ఆనించి లోపలికి పోయేవాళ్ళు. వాటిని ఎవరు ముట్టుకోబోయినా గేటు దగ్గర కూర్చున్న బాబాయి కేక వినపడేది. బిళ్ళ లేకపోవడమే ఆ ఆవరణలో దగ్గరితనానికి గుర్తు.

పాత హాలు గోడలు నెర్రెలు విచ్చాయి. దాన్ని పడగొట్టి కొత్తది కట్టాలని కమిటీ ఏడేళ్ళు తిరిగింది. అధ్యక్షుడుగారు ఎక్కని గుమ్మం లేదు. కట్టేదేదో పర్యావరణానికి మేలు చేసే భవనం కట్టి, దానికి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకుందామని ఆయన పట్టుబట్టారు. ఆ సర్టిఫికెట్టుకు మార్కులుంటాయి. వెలుతురు బాగా వస్తే కొన్ని, వాననీళ్ళు దాచుకుంటే కొన్ని, చెట్లు కొట్టకుండా కడితే కొన్ని. సైకిళ్ళకు సరైన చోటు ఇస్తే రెండు.

ఆ సంగతులు చూడ్డానికి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. ఎప్పుడు చూసినా పచ్చ రంగు ఫైలు చంకలో పెట్టుకుని ఉండేది కాబట్టి పనివాళ్ళంతా ఆమెకు ఆకుపచ్చమ్మ అని పేరు పెట్టారు. ఆమె గేటు దగ్గర బాబాయి పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఒక కాగితం తీసి ఓపిగ్గా చెప్పింది.

"ఇందులో రెండు గడులున్నాయి బాబాయిగారూ. మొదటిది వచ్చిపోయేవాళ్ళ సైకిళ్ళు. రెండోది రోజంతా ఇక్కడే పనిచేసేవాళ్ళవి. వచ్చిపోయేవాళ్ళకి గుమ్మానికి దగ్గర్లో ఉంటే చాలు. పనిచేసేవాళ్ళకి మాత్రం పైన కప్పుండాలి, తాళం వేసుకునే వీలుండాలి, చెమటతో వస్తారు కాబట్టి స్నానానికి చోటుండాలి. ఒక వారం లెక్కపెట్టి రాసివ్వండి. మీ లెక్కని బట్టే కొత్త స్టాండు కడతారు."

"వారమెందుకమ్మా, ఇప్పుడే చెప్పేస్తాను."

"వద్దు, చూసే రాయండి."

బాబాయి చూసే రాశాడు. ఏడు రోజులూ కుర్చీ కదల్లేదు. తిండి కూడా భార్య తెచ్చిచ్చింది. రోజూ ఎన్ని బిళ్ళలు మేకు దిగాయో చూసుకుని, సాయంత్రం మొదటి గడి నింపాడు. ఏడో రోజు చూస్తే రెండో గడి ఖాళీగా ఉంది. ఆ గడి దేనికో ఆయనకు తెలియక కాదు. పనిచేసేవాళ్ళంటే ఊడ్చే పెద్దక్క, తోటమాలి, వంటగదిలో వాళ్ళు. వాళ్ళ కోసం ఏ బిళ్ళా మేకు దిగలేదు. బిళ్ళ దిగని సైకిలును లెక్కలోకి తీసుకోవడం ఆయనకు చేతకాదు. పైగా మనవాళ్ళకి లెక్కలేమిటి, వాళ్ళు ఎక్కడో ఒకచోట పెట్టుకుంటారులే అనిపించింది. ఖాళీగా వదిలేస్తే బాగుండదని, స్కేలు పెట్టి చక్కగా ఒక గీత గీసి సంతకం చేసి ఇచ్చేశాడు.

ఆకుపచ్చమ్మకు అనుమానం రాకపోలేదు. అధ్యక్షుడుగారికి ఫోను చేసి, సిబ్బందిలో సైకిలు మీద వచ్చేవాళ్ళు ఒక్కరూ లేరా అని అడిగింది. పదకొండు గంటలకు కారులో వచ్చే ఆయనకు, పొద్దున ఎవరు దేనిమీద వస్తారో ఎలా తెలుస్తుంది? "మా బాబాయి లెక్కంటే ఇంక తిరుగు లేదమ్మా" అన్నారు. దాంతో ఆ గీత సిమెంటుతో పోసినంత గట్టిదైపోయింది.

కొత్త భవనం లేచింది. ముందు భాగంలో నలభై ఆరు స్టీలు వంపులతో మెరిసిపోయే స్టాండు. వంటగది వెనక చూరు లేదు, ఆ జాగాలో మొక్కలు పెంచారు. పనివాళ్ళ స్టాండుకు వదలవలసిన చోటు మిగిలింది కాబట్టి లోపల వేదిక పెద్దదైంది. మూడు దశాబ్దాల నిక్కచ్చితనానికి గుర్తుగా అధ్యక్షుడుగారు బాబాయి రాసిన కాగితానికి అద్దం కట్టించి, గుమ్మం లోపల గోడకు పెట్టించారు. మొదటి రోజు బాబాయి భార్యను తీసుకొచ్చి మరీ చూపించాడు. ఆమె కుట్టుపని చేసే మనిషి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "గీత మాత్రం వంకర లేకుండా గీశావు" అని మెచ్చుకుంది.

నెల తిరక్కుండా పెద్దక్క కుంటడం మొదలుపెట్టింది.

పెద్దక్క హాలు ఊడ్చే మనిషి. బాబాయి కంటే పదేళ్ళు చిన్న. అయినా ఆయన ఆమెను అక్క అంటాడు, ఆమె ఆయన్ని బాబాయ్ అంటుంది. ఎవరు పెద్దో తేల్చుకోవలసిన అవసరం ఇద్దరికీ ఎన్నడూ రాలేదు. ఆరు కిలోమీటర్ల దూరం నుంచి తెల్లవారకముందే సైకిలు తొక్కుకుంటూ వచ్చేది. ఆ రోజు ఆమె ఎండెక్కాక వచ్చి, గేటు స్తంభం పట్టుకుని నిలబడి ఊపిరి పీల్చుకుంది.

"ఏంటక్కా, ఈ మధ్య కుంటుతున్నావు?"

"నడిచొస్తున్నా బాబాయ్. మడమలు పగిలాయి."

"సైకిలుకేమైంది?"

"దానికేం, ఇంట్లో రాజాలా కూర్చుంది. ఇక్కడ పెట్టుకోడానికి చోటెక్కడుంది?"

"చోటు లేకపోవడమేంటి? వెనకాల..." అని ఆగిపోయాడు. వెనకాల ఇప్పుడు మొక్కలున్నాయి.

"ముందు స్టాండులో పెడితే అది వచ్చిపోయేవాళ్ళదని నోటీసు అంటించారుగా. వీధి చివర దీపస్తంభానికి కట్టేశా కొన్నాళ్ళు. మొదట గంట పోయింది. తర్వాత సీటు పోయింది. మిగిలింది పోకముందే ఇంట్లో పడేశా."

"అధ్యక్షుడుగార్ని అడగలేకపోయావా?"

"అడిగా. గోడ మీద కాగితం చూపించారు. పనివాళ్ళు ఎవరూ సైకిలు మీద రారని బాబాయే రాసిచ్చాడన్నారు." పెద్దక్క చెంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, నువ్వు రాశావంటే ఏదో కారణం ఉండే ఉంటుందని ఊరుకున్నా."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. అంత నమ్మకంగా ఆ మాట అని, చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయికి తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి గోడ మీది కాగితం ముందు నిలబడ్డాడు. మొదటి గడి నిండా అంకెలు, రెండో గడిలో గీత. తన చేత్తో గీసిన గీత. ఆ రోజంతా విచారించాడు. తోటమాలి తన సైకిలు రెండు వీధులవతల టీ దుకాణంలో పెట్టి వస్తున్నాడు. వంటగదిలో ఇద్దరూ బస్సుల కోసం పడిగాపులు పడుతున్నారు. కరెంటాయన బంధువుల ఇంట్లో వదిలి వస్తున్నాడు. ఒక్కరు కూడా బాబాయిని నిలదీయలేదు. అందరూ పెద్దక్క అనుకున్నట్టే అనుకున్నారు.

మర్నాడు పదకొండింటికి కారు దిగుతుండగానే అధ్యక్షుడుగారిని పట్టుకున్నాడు. ఆయన సాంతం విన్నారు. చెడ్డమనిషి కాదు, ఏడేళ్ళు ఈ భవనం కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషి. విని, చుట్టూ చూసి, గొంతు తగ్గించారు.

"ఇప్పుడా బాబాయ్ చెప్పడం? పది రోజుల్లో ఆ అమ్మాయి ఆఖరి పరీక్షకి వస్తుంది. మనకి సరిగ్గా సరిపడా మార్కులున్నాయి. ఈ రెండూ పోతే సర్టిఫికెట్టు లేదు. ప్రారంభోత్సవానికి అందర్నీ పిలిచేశాం."

"మరి పెద్దక్క నడిచొస్తోందండీ."

"తర్వాత చూద్దాం. కాగితం చేతికి వచ్చాక వెనక ఒక షెడ్డు వేయిద్దాం. నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. ఆవిడ ఈ లెక్క నీదేనా అని అడిగితే తలూపు, చాలు."

తర్వాత అనే మాట ఎంత పొడుగో ఏ కమిటీలో పనిచేసినవాళ్ళకైనా తెలుసు. పాత హాలు కుళాయి తర్వాత బాగుచేయిద్దామనుకుని పదమూడేళ్ళు గడిచాయి. బాబాయి నీళ్ళు నములుతూ సరేనన్నాడు. సైకిలు తొక్కుకుంటూ ఇంటికి పోయేటప్పుడు మాత్రం దారి పొడవునా ఆ సరే వెంటాడుతూనే ఉంది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని కలుపుతున్నాడే గాని తినడంలేదు. భార్య కాసేపు చూసి, పని పక్కన పెట్టి, విషయం రాబట్టింది.

"ఇన్నేళ్ళు తప్పని లెక్క ఒక్కసారి తప్పింది. దానికింత దిగులేంటి?" అంది.

"ఒక్కసారి కాదే. రోజూ తప్పాను. బిళ్ళలు మానేసినప్పటినుంచీ వాళ్ళని నేను లెక్కలోకి తీసుకోలేదు. అడిగినవాళ్ళు లేరు కాబట్టి అది తప్పని తెలియలేదు. యాభై మూడన్న రోజున అరవై పైనే ఉండేవి."

ఆమె కంచం ఆయన వైపు జరిపింది. ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"చెబితే ఇంక నా మాట ఎవరు నమ్ముతారు? ఆ ఒక్కటే కదా నా దగ్గరున్నది."

"నమ్మకపోతే వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. వాళ్ళకి వేళ్ళు లేవా?" అని ఆమె లేచి కంచంలో పెరుగు వేసింది. "నువ్వు మంచివాడివని నమ్మి నడుస్తోంది చూడు, ఆవిడ సంగతి ఆలోచించు ముందు."

ఆ పది రోజులూ బాబాయి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పెద్దక్క వచ్చే వేళకు బిళ్ళలు తుడుస్తున్నట్టు తల వంచుకునేవాడు. ఆమె అడుగుల చప్పుడు మాత్రం వినిపించేది. ఒక కాలు గట్టిగా, ఒక కాలు మెల్లగా. బాధగా ఉండేది, ఆ బాధలో భయం కూడా ఉండేది. పెద్దక్క పడే కష్టం ఎక్కువా, తన పరువు ఎక్కువా అని తూచుకోవలసి రావడమే ఆయనకు సిగ్గనిపించింది. తూచుకోవలసిన పనే లేదని తెలుసు. అయినా ప్రతి రాత్రీ పరువు వైపే మొగ్గు కనిపించేది.

పరీక్ష రోజు వచ్చింది. ఆకుపచ్చమ్మ టేపు పట్టుకుని స్టాండు నుంచి గుమ్మం దాకా కొలిచింది. ఒక్కో స్టీలు వంపునూ ఊపి చూసింది, ఏదీ కదల్లేదు. నలభై ఆరూ వేలు పెట్టి లెక్కించింది. అధ్యక్షుడుగారు వెంటే ఉన్నారు, ముఖం వెలిగిపోతోంది. అందరూ గుమ్మం లోపలికి వచ్చారు. అద్దం వెనక కాగితం చూసి ఆమె నవ్వింది.

"దీన్ని పటం కట్టించారా? మంచిదే. బాబాయిగారూ, ఈ లెక్కలో మార్పేమీ లేదని ఒక్క సంతకం చేయండి, మన పని అయిపోతుంది."

ఫైలులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పెన్ను చేతికిచ్చింది. అధ్యక్షుడుగారు బాబాయి వంకే చూస్తున్నారు. కాస్త దూరంలో పెద్దక్క నేల తుడుస్తోంది. ఆమెకు ఈ గొడవేమీ పట్టలేదు. బకెట్టు జరపడానికి లేవబోయి, మడమ నేలకు ఆనగానే ముఖం చిట్లించి, గోడ పట్టుకుంది. ఎవరూ చూడలేదనుకుని మళ్ళీ గుడ్డ అందుకుంది.

బాబాయి పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"లెక్క తప్పమ్మా" అన్నాడు.

"ఏది తప్పు?"

"రెండో గడి. పనిచేసేవాళ్ళు సైకిళ్ళ మీదే వస్తారు. ఎప్పుడూ వచ్చేవాళ్ళు. నేనే రాయలేదు."

అధ్యక్షుడుగారు గొంతు సవరించుకున్నారు. "పెద్దవాడయ్యాడు, ఈ మధ్య కాస్త మరుపు..."

"మరుపు కాదండీ" అన్నాడు బాబాయి. "మరిచిపోయి ఉంటే బాగుండేది. గడి చూసి, వాళ్ళు గుర్తొచ్చి కూడా గీత గీశాను. మనవాళ్ళేగా, సర్దుకుంటారనుకున్నాను. సర్దుకుంటున్నారు. ఈవిడ ఆరు కిలోమీటర్లు నడిచి సర్దుకుంటోంది."

పెద్దక్క చేతిలో తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆకుపచ్చమ్మ ఫైలు మూసింది, మళ్ళీ తెరిచింది.

"మీకు తెలుసు కదా, ఇప్పుడు ఈ మార్కులు ఇవ్వలేను. కప్పుతో స్టాండు కట్టి, మళ్ళీ చూపించేదాకా సర్టిఫికెట్టు ఆగిపోతుంది."

"తెలుసమ్మా."

అధ్యక్షుడుగారు కుర్చీలో కూలబడి, రెండు చేతులతో ముఖం రుద్దుకున్నారు. "అయితే సరిగ్గా ఎన్నో చెప్పు. ఈసారైనా తప్పకూడదు" అన్నారు. ఆ మాటలో కోపముంది. బాబాయికి అది న్యాయంగానే తోచింది.

బిళ్ళలు లేకుండా లెక్కపెట్టడం ఆయనకు అదే మొదలు. వేళ్ళు మడిచాడు. "పెద్దక్క, ఆవిడతో ఊడ్చే ఇంకో అమ్మాయి, తోటమాలి, కరెంటాయన. నాలుగు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పిల్ల, వంటగదిలో ఇద్దరు, రాత్రి కాపలా ఆయన." మళ్ళీ ఒకసారి పెదవులతోనే లెక్కపెట్టుకున్నాడు. "ఎనిమిదమ్మా. ఖచ్చితంగా ఎనిమిది."

ఆకుపచ్చమ్మ రెండో గడిలో ఎనిమిది అని రాసింది.

"మరి నీది?" అంది పెద్దక్క.

బాబాయి ఆమె వైపు తిరిగాడు. "నాదెందుకక్కా? నేను ఇక్కడివాణ్ణేగా. కుర్చీ వెనక ఎక్కడో ఒకచోట పెట్టుకుంటా."

"అలా అనుకునే కదా బాబాయ్, మమ్మల్ని వదిలేశావు."

ఆకుపచ్చమ్మ ఎనిమిదిని కొట్టేసి, పెన్ను ఆయన వైపు జరిపింది. బాబాయి వంగి, కాగితం ఎడమచేత్తో నొక్కిపట్టి, తొమ్మిది అని రాశాడు.